బాడ్‌లాండ్స్‌లో ఒక రోజు నడక: గడ్డి మైదానం, మట్టి గుట్టల మధ్య ప్లాన్ ఎలా వేసుకోవాలి

మౌంట్ రష్మోర్, యెల్లోస్టోన్ కలిపి ట్రిప్ వేసుకునే మనవాళ్ళు చాలామంది దారిలో ఉన్న బాడ్‌లాండ్స్ నేషనల్ పార్క్‌కి ఓ రెండు గంటలు విదిలిస్తారు. లూప్ రోడ్డు మీద నాలుగు చోట్ల కారు ఆపి ఫొటోలు దిగి, వాల్ అనే ఊళ్ళో కాఫీ తాగి, మళ్ళీ హైవే ఎక్కేస్తారు. అందులో తప్పేం లేదు. కానీ సౌత్ డకోటా దాకా వెళ్ళాక ఒక రోజు కాళ్ళకి పనిచెబితే చూసేది పూర్తిగా వేరు. ఒకపక్క చీలమండ నుంచి నడుం దాకా పెరిగే గడ్డి కనుచూపు మేర ఉంటుంది, దాని అంచునే నేల ఉన్నట్టుండి తెగిపోయి చారలు చారల మట్టిగోడగా కిందికి దిగిపోతుంది. ఈ రెండింటి మధ్యా నడవడం ఎలాగో చెప్తాను.

ఇక్కడ ప్లాన్ వేసేటప్పుడు అందరూ మైళ్ళ లెక్కతో మొదలుపెడతారు. మీరు మాత్రం రెండు ప్రశ్నలతో మొదలుపెట్టండి: నేల పొడిగా ఉందా, నీళ్ళు ఎన్ని మొయ్యగలం? ఇవి తేలితే ఎంత దూరం వెళ్ళొచ్చో దానంతటదే తేలుతుంది.

ముందు ఆ మట్టి సంగతి తెలుసుకోండి

దూరం నుంచి చూస్తే రాతి కొండల్లా ఉంటాయి గానీ ఈ గుట్టల్లో గట్టి రాయి తక్కువ. ఎప్పుడో 7.5 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు బురదతో మొదలై 2.8 కోట్ల ఏళ్ళ కిందటి దాకా నదుల ఒండ్రు, అగ్నిపర్వతాల బూడిద పొరలు పొరలుగా పేరుకున్నాయి. అన్నిటికన్నా కింద నల్లటి పియర్ షేల్, దాని మీద బూడిదరంగు చాడ్రన్ పొర, ఆ పైన గులాబీ చారల బ్రూల్ పొర, ఇలా ఉంటుంది వరస. వీటిని నీళ్ళు కోయడం మొదలై సుమారు 5 లక్షల ఏళ్ళే అయిందట, ఏడాదికి దాదాపు ఒక అంగుళం చొప్పున కొట్టుకుపోతున్నాయని పార్క్ వాళ్ళ లెక్క. కొండల విషయంలో ఏడాదికి అంగుళం అంటే పరుగు కిందే లెక్క. ఇప్పుడు మీరు ఎక్కే మెట్ట మీ మనవల కాలానికి ఇలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

నడిచేవాళ్ళకి ముఖ్యమైన విషయం ఆ బూడిదలోంచి వచ్చిన బెంటొనైట్ అనే బంకమన్ను. పొడిగా ఉన్నప్పుడు ఒక గుట్ట పక్కన గొంతుకూర్చుని చూడండి, పైపొర అంతా శనగగింజంత ఉండలుగా చిట్లిపోయి ఉంటుంది, వేలితో నొక్కితే కరకరమని పొడైపోతుంది. చదును మీద ఇబ్బంది లేదు, వాలు మీద మాత్రం ఆ ఉండలు బూటు కింద దొర్లుతాయి. అదే మట్టి తడిస్తే ఉబ్బి, సబ్బులా జారుతుంది. రెండడుగులు వేసేసరికి బూటుకి కిలో బరువు అంటుకుంటుంది, మూడో అడుగుకి కాలు ఎటు పోతుందో మీ చేతిలో ఉండదు. నల్లరేగడి చేలో వాన పడ్డ మర్నాడు నడిచినవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు, అదీ ఇదీ ఉబ్బడానికి కారణం ఒకే జాతి బంక ఖనిజాలు. తేడా ఏమిటంటే మన చేలు చదునుగా ఉంటాయి, ఇక్కడ అదే మట్టి నిలువుగా నిలబడి ఉంటుంది.

కాబట్టి ముందురోజు గట్టి వాన పడితే ఎక్కుడు దారులన్నీ మీ జాబితాలోంచి కొట్టేయండి. ఎండా గాలీ ఉంటే ఒక్క రోజులో చాలావరకు ఆరిపోతుంది, అందుకే వీలైతే అక్కడ రెండు రాత్రులు పెట్టుకుని, నడకకి ఏ రోజన్నది వాతావరణాన్ని బట్టి తేల్చుకోండి. ఒక్క రాత్రే ఉండేలా బుక్ చేసుకుని, వాన పడ్డా సరే ఎక్కాల్సిందే అన్న పరిస్థితి తెచ్చుకోకండి.

ఏ నెలలో

మే నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా, మళ్ళీ సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా. మే, జూన్‌లో గడ్డి పచ్చగా ఉంటుంది, పూలుంటాయి, కానీ ఏడాదిలో ఎక్కువ వాన పడేది కూడా జూన్‌లోనే. సెప్టెంబర్‌లో గడ్డి ఎండి బంగారు రంగుకొస్తుంది, నేల పొడిగా ఉంటుంది, జనం తగ్గుతారు. ఎంచుకునే వీలుంటే నేను సెప్టెంబర్‌కే ఓటేస్తాను.

పిల్లల సెలవుల వల్ల జులై, ఆగస్టు తప్ప కుదరని వాళ్ళే ఎక్కువని తెలుసు. వెళ్ళండి, కాకపోతే ఉదయం పది, పదకొండుకల్లా నడక ముగించేలా చూసుకోండి. ఈ పార్క్‌లో చలి మైనస్ 40 దాకా, ఎండ 46 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళిన రికార్డులున్నాయి. "మాది రెంటచింతల, మాకు ఎండలు కొత్తా" అనుకోకండి, రెంటచింతలలో మధ్యాహ్నం పూట ఎవరూ చెట్టు నీడ లేని చోట ఐదు మైళ్ళు నడవరు. ఇక్కడ నీడ అంటే గుట్ట నీడే, అది కూడా పొద్దు నడినెత్తికి వస్తే మాయం.

దారి ఎంచుకోవడం

పార్క్ మూడు ముక్కలుగా ఉంటుంది, ఒక రోజు నడకకి మీకు కావాల్సింది ఉత్తర భాగం. ఐ-90 హైవే మీద ఎగ్జిట్ 131 దగ్గర దిగితే ఈశాన్యపు గేటు, ఎగ్జిట్ 110 వాల్ దగ్గర దిగితే పినకిల్స్ గేటు. ఈ రెండింటినీ కలిపేదే లూప్ రోడ్డు. బెన్ రైఫెల్ విజిటర్ సెంటర్ తూర్పు కొసలో ఉంటుంది, ట్రైల్స్ దాదాపు అన్నీ దాని చుట్టుపక్కలే. దక్షిణ భాగం ఓగ్లాలా లకోటా ప్రజల పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 నుంచి, ఆ నేలలో కొంత మేర సైన్యం బాంబుల ప్రాక్టీసుకి వాడుకుంది. పేలని గుండ్లు ఇప్పటికీ బయటపడతాయి, దారులు సరిగా ఉండవు, మధ్యలో ప్రైవేటు భూములు కూడా ఉన్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు అటు పెట్టుకోవద్దు.

పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే అందర్నీ ఒకే పెద్ద నడకకి లాక్కెళ్ళకండి. విజిటర్ సెంటర్‌కి ఈశాన్యంగా రెండు మైళ్ళలో ఒక పొడవాటి పార్కింగ్ ఉంటుంది, విండో, డోర్, నాచ్ మూడూ అక్కడి నుంచే మొదలవుతాయి. విండో పావు మైలు, చెక్కల బాట మీద వీల్‌చైర్ కూడా వెళ్తుంది. డోర్ మొత్తం ముప్పావు మైలు, మొదట్లో చెక్కల బాట, అది అయిపోయాక నంబర్లు వేసిన గుంజలు చూసుకుంటూ మట్టి మీద నడవాలి. చెక్కల బాట చివరిదాకా వెళ్ళి అక్కడ నిలబడినా సగం పార్క్ చూసినట్టే, అమ్మావాళ్ళకి అది చాలు. నాచ్ మాత్రం వేరే కథ. రానూపోనూ ఒకటిన్నర మైలే గానీ మధ్యలో దుంగలతో కట్టిన నిచ్చెన ఎక్కాలి, ఆ తర్వాత గోడ వెంబడి లోయ అంచున నడవాలి. నిచ్చెన ఎక్కడం కన్నా దిగడం కష్టం, ఎత్తు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు కింద నుంచే ఫొటో తీసుకోండి. వాన పడితే నాచ్ ఊసే ఎత్తొద్దు.

అసలు నడకకి వస్తే, గడ్డి మైదానమూ మట్టి గుట్టలూ రెండూ సమంగా దొరికేది క్యాజిల్ ట్రైల్‌లో. డోర్, విండో పార్కింగ్‌కి రోడ్డు అవతల మొదలై ఫాసిల్ ఎగ్జిబిట్ (శిలాజాలు చూపించే చోటు) దాకా ఒకవైపు 5 మైళ్ళు, రానూపోనూ 10. ఎక్కుడు పెద్దగా లేదు. తూర్పు కొస నుంచి మొదలుపెడితే ముందు గుట్టల సందుల్లోంచి వెళ్తారు, తర్వాత విశాలమైన గడ్డి, పక్కన కోట గోడల్లాంటి వరసలు. దీన్ని మూడు రకాలుగా నడవొచ్చు.

రెండు కార్లుంటే, లేదా నడవని వాళ్ళొకరు డ్రైవింగ్‌కి ఒప్పుకుంటే, ఒకవైపే నడవడం అన్నిటికన్నా సుఖం. ఒక కారు ఫాసిల్ ఎగ్జిబిట్ దగ్గర వదిలేసి, రెండోదాంట్లో డోర్ పార్కింగ్‌కి వచ్చి మొదలుపెట్టండి. రోడ్డు మీద ఈ రెండింటి మధ్య దూరం ఏడు మైళ్ళ దాకా ఉంటుంది. తూర్పు నుంచి పడమరకి నడుస్తారు కాబట్టి పొద్దుటి ఎండ వీపు మీద పడుతుంది, కళ్ళలో పడదు, గుట్టల మీది రంగులు కూడా బాగా కనిపిస్తాయి. ఫాసిల్ ఎగ్జిబిట్‌కి చేరాక అక్కడి పావు మైలు చెక్కల బాట కూడా చూసేయండి.

ఒకే కారు ఉండి పది మైళ్ళు వద్దనుకుంటే సాడిల్ పాస్ మీదుగా ఎక్కి, క్యాజిల్, మెడిసిన్ రూట్ కలిపి చుట్టు తిరిగి రావొచ్చు. విజిటర్ సెంటర్‌కి పడమరగా రెండు మైళ్ళలో సాడిల్ పాస్ మొదలవుతుంది. దూరం చాలా తక్కువ, నిటారు మాత్రం బాగా ఎక్కువ, ఊపిరి తీసుకునే లోపే అయిపోతుంది అని కొందరంటారు, ఊపిరి ఆడక మధ్యలో ఆగినవాళ్ళు ఆ మాట అనరు. పైకెక్కగానే గాలి తగులుతుంది, నేల చదునవుతుంది, క్యాజిల్ ట్రైల్ కలుస్తుంది. మెడిసిన్ రూట్ చుట్టు సుమారు 4 మైళ్ళు, అందులో గడ్డి మైదానం వాటా ఎక్కువ, జనం తక్కువ, నేల మీద ముళ్ళజెముడు మాత్రం పుష్కలం. అన్నీ కలిపి 5 మైళ్ళ లోపు వేసుకోండి. ఇక్కడ చిక్కల్లా చివర్లో మళ్ళీ ఆ నిటారు వాలే దిగాలి, అందుకని మధ్యాహ్నం ఉరుములొచ్చే సూచన ఉంటే ఈ దారి వద్దు. పైన ఉండగా వాన పడితే సాడిల్ పాస్ దిగే ప్రయత్నం చేయకుండా క్యాజిల్ ట్రైల్ మీద ఫాసిల్ ఎగ్జిబిట్ వైపు నడిచి రోడ్డుకి చేరండి. ఈ తప్పించుకునే దారిని పొద్దున్నే మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని ఎక్కాలి.

మూడోది ఏ హంగూ లేనిది. డోర్ పార్కింగ్ నుంచి క్యాజిల్ ట్రైల్ మీద గడియారం చూసుకుని గంటన్నర నడవండి, వెనక్కి తిరగండి. పేరున్న చోటికి చేరలేదన్న బాధ అక్కర్లేదు, ఈ ట్రైల్‌లో ఎక్కడ వెనక్కి తిరిగినా ఒకటే. మొదటిసారి నడక మొదలుపెడుతున్న కుటుంబాలకి నేను చెప్పేది ఇదే.

ఇంకా ధైర్యం, అనుభవం ఉన్నవాళ్ళకి పడమటి పక్క సేజ్ క్రీక్ ప్రాంతం ఉంది. ఈ పార్క్‌లో ట్రైల్ వదిలి ఎటైనా నడవడానికి అనుమతి ఉంది, అమెరికా పార్క్‌లు చాలావాటిలో ట్రైల్ దాటొద్దని బోర్డులు చూసి అలవాటైన మనకి ఇది వింతే. సేజ్ క్రీక్‌లో బోర్డులు, గుంజలు ఉండవు, అడవిదున్నలు (బైసన్) తొక్కిన బాటలే ఉంటాయి, అవి మీ కారు దగ్గరికి తీసుకెళ్తాయన్న హామీ లేదు. మ్యాప్ చదవడం రానివాళ్ళు రోడ్డు కనబడే దూరంలోనే ఉండండి.

నీళ్ళు

రెండు గంటల నడకకి మనిషికి 2 లీటర్లు అని పార్క్ వాళ్ళ సలహా. అంటే గంటకి లీటరు. నలుగురు నాలుగు గంటలు నడిస్తే 16 లీటర్లు, అంటే 16 కిలోలు. ఈ అంకె చూశాకే చాలామంది పది మైళ్ళ ప్లాన్‌ని ఐదుకి కుదించుకుంటారు, మంచి పని చేస్తారు.

దారిలో నింపుకోవచ్చులే అనుకోవడానికి లేదు. తాగే నీళ్ళు విజిటర్ సెంటర్, సీడర్ పాస్ క్యాంప్‌గ్రౌండ్ లాంటి చోట్లే దొరుకుతాయి, ట్రైల్ మీద చుక్క ఉండదు. వాగుల్లో కనిపించే నీళ్ళు పాలలా తెల్లగా ఉంటాయి, అదంతా సన్నటి మట్టి, ఫిల్టర్ వేస్తే ఫిల్టరే మూసుకుపోతుంది. కాబట్టి తాగేదంతా మోసుకెళ్ళాల్సిందే. ఒకే పెద్ద డబ్బా ఒకరి నెత్తిన పెట్టకుండా ఎవరి నీళ్ళు వాళ్ళే మొయ్యండి, ఒకరు వెనకబడ్డా దాహంతో ఉండరు. కారులో ఐస్‌బాక్స్‌లో ఇంకో 4 లీటర్లు విడిగా ఉంచండి. ఉత్త నీళ్ళే కాకుండా ఓఆర్ఎస్ పొడి వేసుకోండి, ఇండియా నుంచి తెచ్చుకున్న ఎలక్ట్రాల్ ప్యాకెట్లు అల్మరాలో మూలుగుతూ ఉంటాయి కదా, వాటికి ఇదే సమయం.

వెనక్కి తిరగడానికి నియమం ఒకటి పెట్టుకోండి. వచ్చిన దారినే తిరిగి వెళ్ళే నడకైతే నీళ్ళు సగం కావడానికి ముందే తిరగాలి, ఎందుకంటే తిరుగు ప్రయాణంలో ఎండ ఎక్కువ, తాగేది ఎక్కువ. ఎవరి సీసా ముందు సగానికి వస్తే వాళ్ళదే లెక్క, గుంపులో అందరికన్నా బలమైనవాడి సీసా కాదు.

తిండి, బట్టలు, సంచిలో మిగతావి

పులిహోరని మించింది లేదు, ఎండకి చెడదు, ఉప్పూ పులుపూ ఉంటాయి, ప్లేటు లేకుండా డబ్బాలోంచే తినొచ్చు. చపాతీ చుట్టలు, పల్లీ చిక్కీ, ఖర్జూరం కూడా మంచివే. పెరుగన్నం మీకెంత ఇష్టమైనా కారులో ఐస్‌బాక్స్‌లో వదిలేయండి, నడిచొచ్చాక తింటే అమృతం, నాలుగు గంటలు ఎండలో మోసుకొచ్చి తింటే ఆసుపత్రి.

బూట్లు చీలమండ కప్పేవి, అడుగున పళ్ళు లోతుగా ఉన్నవి కావాలి. చెప్పులు, ఫ్లోటర్స్ వద్దు, గడ్డిలో దాక్కున్న ముళ్ళజెముడు చెప్పు పక్క నుంచి దిగుతుంది. అందుకే ఒక చిన్న పట్కారు సంచిలో ఉండాలి, ఆ ముళ్ళు గోళ్ళతో రావు, పెద్దవి పీకాక కూడా కంటికి కనిపించని నూగు ముళ్ళు మిగిలిపోయి రెండు రోజులు గుచ్చుతాయి. షార్ట్స్ కన్నా పలచటి పొడుగు ప్యాంటు నయం, పిడుదులు (గడ్డిలోంచి ఒంటికి పట్టుకునే టిక్స్), గడ్డి ముళ్ళు రెండింటికీ పనికొస్తుంది. నున్నటి సాక్సులు వేసుకోండి, ఊలువైతే గడ్డి గింజలు ఏరుకుంటూ సాయంత్రం గడిచిపోతుంది. టోపీకి గడ్డం కింద తాడు తప్పనిసరి, ఇక్కడి గాలి మామూలు టోపీని మిట్ట మీంచి లోయలోకి విసిరేస్తుంది, దాని వెనక దిగబోయేవాళ్ళు ఉంటారు, ఆ పని చేయకండి.

వాన కోటు, చిన్న టార్చి, ఫోన్‌కి పవర్‌బ్యాంక్, కట్టు కట్టే గుడ్డ. కుక్కల్ని ట్రైల్స్ మీదికి తీసుకెళ్ళనివ్వరు, డ్రోన్ ఎగరేయడం నిషేధం. ఇవి తెచ్చుకుని అక్కడ వాదించడం టైం దండగ.

ముందురోజు సాయంత్రం

నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో ఇంటీరియర్, సౌత్ డకోటా అని కొట్టి గంటగంటకీ వచ్చే సూచన చూడండి. పార్క్‌ని ఆనుకునే ఉన్న ఊరు అది. రాపిడ్ సిటీ వాతావరణం చూసి తీర్మానించకండి, అది బ్లాక్ హిల్స్ పక్కన గంట పైన దూరంలో ఉంది. మీకు కావలసినవి మూడు: నిన్నటి నుంచి పడ్డ వాన, రేపు ఉరుములు మొదలయ్యే గంట, గాలి వేగం. వేసవిలో ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే వస్తాయి, వస్తే వడగళ్ళతో వస్తాయి.

ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, సిగ్నల్ ఒక గుట్ట ఇవతల ఉండి అవతల ఉండదు. పెట్రోల్ వాల్‌లోనో కడోకాలోనో నింపేయండి. ఎక్కడి నుంచి మొదలుపెడతారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్ని గంటల దాకా ఫోన్ రాకపోతే కంగారు పడాలి అన్నది ఊళ్ళో ఉన్న ఎవరికైనా మెసేజ్ పెట్టండి. ఇండియాలో ఉన్న నాన్నకి కాదు, ఆయనకి ఉత్త టెన్షన్, 911కి (అమెరికా ఎమర్జెన్సీ నంబర్) ఫోన్ చేయలేరు. అమెరికాలోనే ఉన్న స్నేహితుడికి పెట్టండి.

గడియారం విషయం ఒకటి. చికాగో, మినియాపొలిస్ వైపు నుంచి ఐ-90 మీద వచ్చేవాళ్ళకి సౌత్ డకోటా మధ్యలోనే టైం ఒక గంట వెనక్కి వెళ్తుంది, పార్క్ మౌంటెన్ టైంలో ఉంది. సూర్యోదయం, విజిటర్ సెంటర్ వేళలు అన్నీ ఆ లెక్కలో చూసుకోండి. ప్రవేశం కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, వార్షిక పాస్ ఉంటే అదే చూపించొచ్చు.

నడిచే రోజు

జూన్‌లో ఐదు దాటగానే వెలుతురు వచ్చేస్తుంది. ఆరింటికల్లా ట్రైల్ మీద ఉండటానికి ప్రయత్నించండి. పిల్లలతో ఆరు అసాధ్యం అనిపిస్తే ఏడు, అంతకుమించి జారనివ్వకండి. పొద్దున్నే వంగి ఉన్న ఎండలో చారలు స్పష్టంగా కనిపిస్తాయి, పదకొండయ్యేసరికి అంతా ఒకే తెల్లటి రంగులోకి మారిపోతుంది.

మొదటి పది నిమిషాల్లోనే నేలని పరీక్షించండి. మెత్తటి చోట మడమతో గట్టిగా నొక్కి చూడండి, మట్టి పొడిపొడిగా విరిగితే ముందుకి వెళ్ళొచ్చు, ముద్దగా అంటుకుంటే ఆ రోజుకి చదును దారుల్లోనే ఉండండి. పైన ఆరినట్టు కనిపించి లోపల తడి ఉండే చోట్లు వాగు అడుగుల్లో ఉంటాయి, అక్కడ పక్క నుంచి దాటండి.

ఒక గుంజ దగ్గర నిలబడి రెండో గుంజ కనబడ్డాకే కదలండి. ఇది వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ, గుట్టల సందుల్లో ట్రైల్ అంటే గీసిన దారి కాదు, ఎటు చూసినా నడిచిన దారిలాగే ఉంటుంది, నీళ్ళు పారిన చారలు కూడా కాలిబాటల్లాగే కనిపిస్తాయి. ఒక్కో మలుపు దగ్గరా వెనక్కి తిరిగి చూడండి, తిరుగు ప్రయాణంలో మీకు కనిపించేది ఆ దృశ్యమే. గుట్టలన్నీ కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి "ఎర్ర చారల గుట్ట పక్కన" అని గుర్తు పెట్టుకుంటే అలాంటివి యాభై కనిపిస్తాయి. ఫోన్‌లో కారు ఉన్న చోటు పిన్ చేసుకోవడమే నయం.

గుట్ట పైకి ఎక్కాలని పిల్లలకి చేతులు దురదపెడతాయి, ఎక్కనివ్వండి, కానీ దిగడం ఎటో చూశాక. చిన్న గుట్టలైతే ఫరవాలేదు. అంచుల దగ్గర మాత్రం నిలబడొద్దు, పైన గట్టిగా కనిపించే చపటా కింద మట్టి నీళ్ళకి కొట్టుకుపోయి బోలుగా ఉండొచ్చు. నేలలో నిలువు బొరియలు కూడా ఉంటాయి, వాన నీళ్ళు లోపలికి దిగి తొలుచుకున్నవి.

ఉరుము వినబడితే వెంటనే మిట్టల మీంచి దిగండి, వాగు అడుగులో మాత్రం ఆగకండి, మైదానంలో మీరొక్కరే ఎత్తుగా నిలబడే పరిస్థితి కూడా తెచ్చుకోకండి. కారు దగ్గరుంటే కారే మేలు.

జంతువులు

ఏ జంతువుకైనా 100 గజాల దూరం, ఇది రూలు. అడవిదున్నలు, అదే బైసన్, సేజ్ క్రీక్ వైపు ఎక్కువ. టన్ను దాకా బరువుండే మగదున్న గంటకి 35 మైళ్ళ వేగంతో పరిగెత్తగలదు, గడ్డి మేస్తుంటే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు. తోక పైకి లేచి నిలబడితే దానికి చిరాకు వచ్చిందని అర్థం, ఫొటో ఆపేసి వెనక్కి జరగండి. జులై, ఆగస్టు వాటి జతకట్టే కాలం, మగవి ఊరికే రెచ్చిపోతుంటాయి. అవి దారిలో పడుకుని ఉంటే మీరే చుట్టు తిరిగి వెళ్ళాలి, అంత చోటు లేకపోతే వెనక్కి రావాలి. వేరే మార్గం లేదు.

ప్రెయిరీ డాగ్‌లు కుక్కలు కావు, ఉడతల జాతి. ముద్దుగా నిలబడి కూతలు పెడతాయి. వాటికి ఏమీ పెట్టకండి, ముట్టుకోకండి, వాటి ఒంటి మీది గోమార్ల (ఫ్లీస్) వల్ల ప్లేగు సోకే ప్రమాదం ఉంది. వాటి బొరియల మధ్య నడిస్తే మడమ మెలిపడటం ఖాయం. పాములు కూడా ఆ బొరియల్లోకే చేరతాయి.

విషమున్న పాము ఇక్కడ ఒకటే, ప్రెయిరీ రాటిల్‌స్నేక్. చెయ్యి పెట్టే చోటు, కాలు పెట్టే చోటు కంటితో చూడకుండా పెట్టొద్దు, ముఖ్యంగా గుట్ట అంచు పట్టుకుని పైకి లేచేటప్పుడు. గిలక చప్పుడు వినబడితే కదలకుండా ఆగి, ఎక్కడుందో చూసి, నెమ్మదిగా వెనక్కి రండి. కాటు పడితే ఉంగరాలు, వాచీ తీసేయండి, ఆ కాలో చెయ్యో కదలనివ్వకండి, 911కి ఫోన్ చేయండి. తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం లాంటివి సినిమాల్లో చూసినవి, చేయొద్దు.

ఎముక కనబడితే

ఇది ఇక్కడ నిజంగా జరిగే విషయమే. మట్టి ఏటా కొట్టుకుపోతోంది కాబట్టి కొత్త ఎముకలు ఏటా బయటపడుతుంటాయి, మూడు కోట్ల ఏళ్ళ నాటి మూడు వేళ్ళ గుర్రాలు, ఖడ్గమృగాల బంధువులు, పిల్లుల్లాంటి కత్తికోరల జంతువులవి. 1993లో కొనాటా పిక్నిక్ స్థలం దగ్గర ఇద్దరు సందర్శకులు చూసి చెప్పిన వెన్నెముక వల్లే పదిహేనేళ్ళు సాగిన పెద్ద తవ్వకం మొదలైంది. 2010లో విజిటర్ సెంటర్ దగ్గర్లోనే ఏడేళ్ళ పాప ఒక కత్తికోరల జంతువు పుర్రెని కనిపెట్టింది. కాబట్టి పిల్లల్ని కింద చూస్తూ నడవమనండి.

కనబడితే ముట్టుకోవద్దు, తవ్వొద్దు, జేబులో అసలు వేసుకోవద్దు, చట్టప్రకారం నేరం. పక్కన ఒక సీసానో పెన్నో పెట్టి దగ్గర నుంచి ఒక ఫొటో, చుట్టుపక్కల గుట్టలు కనబడేలా దూరం నుంచి ఇంకో ఫొటో తీయండి, ఫోన్‌లో ఆ చోటు పిన్ చేయండి. కిందికి వచ్చాక విజిటర్ సెంటర్‌లో చెబితే ఫారం ఇస్తారు. లోపలే ఫాసిల్ ల్యాబ్ ఉంది, వేసవిలో ఎముకల మీది మట్టి ఎలా తీస్తారో అద్దం ఇవతల నుంచి కాదు, ఎదురుగా నిలబడి మాట్లాడుతూ చూడొచ్చు. ఎండ ముదిరిన మధ్యాహ్నం గడపడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

కారు దగ్గరికి వచ్చాక

బూట్ల మట్టి అక్కడే పుల్లతో గీకేయండి, ఆరాక రాయిలా అవుతుంది. మోకాళ్ళ వెనక, నడుం దగ్గర, చెవుల వెనక పిడుదులున్నాయేమో ఒకరినొకరు చూసుకోండి, పిల్లల జుట్టులో ముఖ్యంగా. ఒకవైపు నడిచినవాళ్ళు రెండో కారు తాళం ఎవరి దగ్గరుందో పొద్దున్నే చూసుకుని ఉంటారనుకుంటాను.

ఇక ఓపిక ఉంటే సాయంత్రం లూప్ రోడ్డు మీద పడమరకి వెళ్ళండి. ఎల్లో మౌండ్స్ దగ్గర పసుపుపచ్చ, ఊదా రంగు మట్టి రోడ్డు పక్కనే ఉంటుంది, నడవక్కర్లేదు. పినకిల్స్ దగ్గర పొద్దు గుంకడం చూసి, గేటు దాటాక ఎనిమిది మైళ్ళలో వాల్. పెద్దకొమ్ముల గొర్రెలు ఆ వేళకి రోడ్డు మీదికే వస్తాయి, నెమ్మదిగా నడపండి. వాల్ డ్రగ్ అనే ఆ ఊరి పెద్ద దుకాణంలో ఐదు సెంట్ల కాఫీ ఇప్పటికీ ఇస్తున్నారు, నీళ్ళు ఉచితం, ఖాళీ సీసాలు అక్కడ నింపుకుని రాపిడ్ సిటీకి ఐ-90 ఎక్కేయొచ్చు.